నంబరు ప్లేటు బిగించిన ల్యాప్‌టాప్

నూకరత్నానికి కావలసింది ఒక కుర్చీ. పదవీ, హోదా లాంటి పెద్ద మాటలేమీ కాదు. నాలుగు కాళ్ళూ, కూర్చోవడానికి ఒక పలకా, వీలైతే వెనక్కి వాలడానికి ఆసరా ఉన్న మామూలు కుర్చీ. కోటవరం డిపోలో బస్సు కండక్టరుగా చేరిన నాటినుంచీ ఆవిడ నిలబడే ఉంది. బస్సులో కండక్టరు సీటంటూ ఒకటి ఉంటుంది గానీ, అందులో ఎప్పుడూ ఒక నిండు చూలాలో, మోకాళ్ళ నొప్పుల మామ్మగారో కూర్చుని ఉంటారు. వాళ్ళని లేపే నోరు నూకరత్నానికి లేదు. టిక్కెట్టు లేనివాణ్ణి నడిరోడ్డు మీద దింపేసే నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

నిలబడీ నిలబడీ పిక్కల్లో నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. డాక్టరు చూసి, ఎక్కువసేపు నిలబడవద్దని రాసిచ్చాడు. డిపో మేనేజరు ఆ చీటీని జాలిగా చదివాడు. ఆఫీసులో ఒక సీటు ఖాళీ అవుతోందనీ, దానికి డిగ్రీ ఉండాలనీ, వేసవిలోగా పాసైతే ఆ సీటు నూకరత్నానిదేననీ చెప్పాడు. ఆవిడ దూరవిద్యలో బి.ఏ. రెండేళ్ళు అప్పటికే గట్టెక్కింది. మిగిలింది ఆఖరి సంవత్సరం ఒక్కటే.

సరిగ్గా ఆ ఏడే దూరవిద్యా కళాశాల కాస్తా సర్వజన డిజిటల్ విద్యాపీఠం అయి కూర్చుంది. పాత బోర్డు దించి కొత్త బోర్డు ఎక్కించారు. డిజిటల్ చదువుకి బెంచీలెందుకని బెంచీలన్నీ వేలం వేశారు. ఇకమీదట పాఠాలన్నీ ఆన్‌లైన్లోనేననీ, ఫోన్లో వింటే చెల్లదనీ, ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఉండి తీరాలనీ ప్రకటించారు.

నూకరత్నం జీవితంలో ల్యాప్‌టాప్‌ని చాలాసార్లు చూసింది, సామాన్ల అరలోంచి జనం నెత్తిన పడుతుండగా. అందుకని ఒకరోజు ఒక కుర్రవాడికి టిక్కెట్టు ఇస్తూ, "బాబూ, చదువుకోడానికి తక్కువలో మంచి ల్యాప్‌టాప్ ఏదంటావు?" అని అడిగింది. ఆ అడిగిన పాపానికి బస్సంతా పండితసభ అయిపోయింది.

"ఐ-సెవెన్ తీసుకోండి ఆంటీ. అంతకి తగ్గితే దండగ."

"ఎందుకండీ అంత? మావాడిది చూడండి, మీటల కింద రంగురంగుల లైట్లు వెలుగుతాయి. చదువుకి అదే మంచిదన్నాడు."

"పేరున్న కంపెనీది తీసుకోండమ్మా" అన్నారు రిటైరైన మాస్టారొకరు. ఏ పేరు అని అడిగితే, పేరున్నదైతే చాలన్నారు.

చేపల బుట్టతో కూర్చున్న ముసలావిడ మాత్రం, "బరువెంతుంటదమ్మా? దాన్ని నువ్వే మొయ్యాలి గందా?" అంది. ఆ రోజు మొత్తం సభలో పనికొచ్చే మాట అదొక్కటే. ఈలోగా దిగాల్సినవాళ్ళు రెండు స్టాపులు దాటిపోయి కేకలు వేశారు.

చివరికి నూకరత్నం బస్టాండు వెనక జానీ రిపేరు కొట్టుకి వెళ్ళింది. జానీ ఒక్కటే ప్రశ్న వేశాడు: "దీంతో ఏం చేస్తారు మేడమ్?" పాఠాలు వింటానని చెబితే, అయితే కొత్తది వద్దన్నాడు. బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు మార్చేసిన పాతది తీసి తుడిచి ముందు పెట్టాడు. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్సెస్‌డీ, రెండు గంటలు ఆగే బ్యాటరీ. మూత మీద స్టిక్కరు చింపిన మచ్చ ఉంది. మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూపించాడు. నూకరత్నానికి అది తొలిచూపులోనే నచ్చింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాళ్ళు బోర్లించిన బకెట్టు మీద చాపుకుని, మొదటి పాఠం విన్నది. ప్రభుత్వ పాలనా శాస్త్రం. చెప్పేవాడి గొంతు ముక్కులోంచి వస్తోంది, విషయం సగం అర్థం కాలేదు. అయినా నూకరత్నానికి కళ్ళు చెమర్చాయి. ఒక మనిషి మాట్లాడుతుంటే తను కూర్చుని వినడం ఎన్నేళ్ళకి జరిగిందో ఆవిడకే గుర్తు లేదు. ఆ సుఖం వారం రోజులు నడిచింది.

ఆ తర్వాత నిబంధనలు వచ్చాయి.

నిబంధనలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి. విద్యాపీఠానికి రిజిస్ట్రారుగా కోదండపాణిగారు వచ్చారు. ఆయన ఉద్యోగమంతా రవాణా శాఖలో గడిచింది. డిప్యుటేషన్ మీద చదువుల వైపు మళ్ళారు. రాగానే, విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు మార్గదర్శకాలు తక్షణమే జారీ చేయమని పైనుంచి తాకీదు వచ్చింది. మన ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. ఏ గుమాస్తాని ఏ కొత్త ఉత్తర్వు రాయమన్నా మొదట అడిగే మాట, "పాత మోడల్ ఏదైనా ఉందాండీ?" అని. మోడల్ లేనిదే కలం కదలదు. పెళ్ళికి సెలవు పెట్టాలన్నా ఇంకెవరి పెళ్ళి సెలవు చీటీయో ముందు పెట్టుకోవాల్సిందే. ల్యాప్‌టాప్‌లకు మోడల్ ఫైలు ఎక్కడా దొరకలేదు. సెక్షనంతా దిగాలుపడి ఉండగా కోదండపాణిగారు తన సంచీలోంచి మోటారు వాహనాల నిబంధనలు తీసి ఇచ్చారు. గుమాస్తా దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, 'వాహనము' అని ఉన్నచోటల్లా 'ల్యాప్‌టాప్' అని పడేలా ఒక్క మీట నొక్కాడు. కొన్ని వందల చోట్ల మారిందని తెర మీద కనబడగానే సెక్షన్లో చప్పట్లు మోగాయి.

ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. మొదటి పేజీలో, 'ల్యాప్‌టాప్ అనగా రెండు గాని అంతకు మించి గాని చక్రములు గల యంత్రము' అని వచ్చింది. కోదండపాణిగారు కనుబొమ్మలు ముడిచారు.

"ఈ నిర్వచనం తీసేయవయ్యా" అన్నారు. "ల్యాప్‌టాప్ అంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలిసినదాన్ని నిర్వచించడం ప్రభుత్వ కాగితం వృథా."

నిర్వచనం పోయింది. మిగతాదంతా ఉండిపోయింది. అచ్చయి వచ్చిన ప్రతిని నూకరత్నం బస్సు డిపోలో నిలిచి ఉండగా డ్రైవరు ఏసుబాబుకి చదివి వినిపించింది.

"ప్రతి ల్యాప్‌టాప్‌కు రిజిస్ట్రేషను తప్పనిసరి. ల్యాప్‌టాప్ నడుపువారు ముందుగా లెర్నర్సు లైసెన్సు పొంది, ఎర్ర రంగు 'ఎల్' అక్షరమును కనబడునట్లు అతికించవలెను. ఒక ల్యాప్‌టాప్‌పై ఇరువురికి మించి ప్రయాణించరాదు. ఏటవాలు ప్రదేశమున ల్యాప్‌టాప్‌ను నిలుపునపుడు రాయి అడ్డు పెట్టవలెను."

ఏసుబాబు స్టీరింగు మీద తల ఆన్చి నవ్వాడు. "అక్కా, మరి డీజిలెంత పొయ్యాలంటండీ దీనికి?"

"నవ్వకు తమ్ముడూ" అంది నూకరత్నం. "రూలంటే రూలే. టిక్కెట్టు లేకుండా ఎక్కినోడు కూడా ఇలాగే నవ్వుతాడు."

ఆవిడ తీరు అలాంటిది. అడ్డదారి అంటే ఆవిడకి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది. మర్నాడే సెలవు పెట్టి, ల్యాప్‌టాప్‌ని సంచీలో వేసుకుని విద్యాపీఠానికి వెళ్ళింది. గేటు ముందు అప్పటికే గొడుగులు వెలిశాయి. గొడుగు కింద బల్ల, బల్ల మీద ఫారాలు, బల్ల వెనక ఒక ఏజెంటు.

"అక్కగారూ, మీరు లోపలికెళ్ళక్కర్లేదండి. మీ ల్యాప్‌టాప్ కూడా రానక్కర్లేదు. ఇంట్లో పడుకున్నా ఫిట్‌నెస్ వచ్చేస్తది. ఆయ్, నాది పూచీ."

"నేను నేరుగానే వెళ్తానండి" అని నూకరత్నం లోపలికి నడిచింది. ఏజెంటు ఆవిణ్ణి బాధగా చూశాడు.

ల్యాప్‌టాప్ పాతది గనుక, ఆవిడ పేరుకి మార్చాలంటే పాత యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు. జానీ దగ్గర నంబరు తీసుకుని నూకరత్నం బెంగుళూరు కుర్రాడికి ఫోన్ చేసింది. "మీ పాత ల్యాప్‌టాప్ రిజిస్ట్రేషను గురించి బాబూ" అనగానే అతను, "మేడమ్, నేను ఓటీపీ చెప్పను" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. చివరికి ఖాకీ చీరలో, మెడలో టిక్కెట్ల యంత్రంతో తన ఫోటో తీయించి పంపిస్తే అప్పుడు నమ్మి సంతకం పెట్టి పంపాడు. పాపం, మంచి కుర్రాడే.

లెర్నర్సు లైసెన్సు చేతికొచ్చింది. నూకరత్నం ఆ సాయంత్రం ఉత్సాహంగా ఎర్ర 'ఎల్' అతికించుకుని, కింద చిన్న రాయి అడ్డు పెట్టి, పాఠానికి కూర్చుంది. పాఠం తెరుచుకోలేదు. లెర్నర్సు లైసెన్సు వారు పాఠం వినేటప్పుడు పక్కన పక్కా లైసెన్సు గలవారు కూర్చుని ఉండాలట. ఆ నిబంధన కింద, విద్యాపీఠం మొత్తంలో అప్పటికి పక్కా లైసెన్సు ఒక్కరికీ రాలేదు గనుక, పాఠాలు వినడం ఎవరికీ కుదరలేదు. పాఠాలు చెప్పేవాళ్ళు మాత్రం వేళకి చెబుతూనే ఉన్నారు. జీతాలకి ఏ ఇబ్బందీ రాలేదు.

పక్కా లైసెన్సు కోసం పరీక్ష విద్యాపీఠం వెనక మైదానంలో, షామియానా కింద జరిగింది. ల్యాప్‌టాప్ ఇన్‌స్పెక్టరు దత్తుడుగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని కూర్చున్నారు.

"ఎనిమిది వేయండి" అన్నారు.

నూకరత్నం వేలితో తెర మీద బాణం గుర్తుని తిప్పుతూ ఎనిమిది గీసింది. మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపింది. చక్కగా గుండ్రంగా వచ్చిందని మనసులో మురిసింది. ఈల మోగింది.

"ఫెయిల్."

"అదేంటండీ! ఎనిమిది సరిగ్గానే వచ్చింది కదండీ!"

"ఎనిమిది వచ్చింది. కాలు కింద పెట్టారు." దత్తుడుగారు పుస్తకం తెరిచి చూపించారు. "'ల్యాప్‌టాప్‌పై ఎనిమిది అంకె ఆకారమున తిరుగునపుడు అభ్యర్థి పాదము భూమిని తాకరాదు.' నేను రాసింది కాదమ్మా. నాకూ బాధగానే ఉంది."

మళ్ళీ తేదీ వచ్చేదాకా నూకరత్నం రోజూ డ్యూటీ దిగి, కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి ఎనిమిదులు వేసింది. పిక్కల్లో నరాలు తెగిపోతున్నట్టుండేవి. కూర్చోవడం కోసం చదువు, చదువు కోసం ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్ కోసం కాళ్ళు గాల్లో పెట్టడం. ఇదెక్కడి ఖర్మ అని ఆవిడకి ఒక్కోసారి ఒళ్ళు మండేది. అయినా రూలంటే రూలే అనుకుని మళ్ళీ కాళ్ళెత్తేది. రెండోసారి ప్యాసయింది. దత్తుడుగారు కూడా సంతోషించారు.

ఈలోగా అక్కడక్కడా లైసెన్సులు రావడం, పాఠాలు మొదలవడం, జరిమానాలు పడడం జరిగాయి. ముక్కు గొంతు మేష్టారి పాఠం సాగదీతగా ఉందని ఒకబ్బాయి ఒకటిన్నర వేగంతో విన్నాడు. మితిమీరిన వేగం కింద లైసెన్సు ఊడింది. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ముగ్గురు ఒక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దొరికిపోయారు; ట్రిపుల్ రైడింగు. విద్యార్థులు కొందరు ధైర్యం చేసి రిజిస్ట్రారుగారి దగ్గరికి వెళ్ళి, అయ్యా ఇది వాహనం కాదు కదండీ అని మొరపెట్టుకున్నారు. కోదండపాణిగారు వాళ్ళని శాంతంగా కూర్చోబెట్టారు.

"చూడండి నాయనా. ఒక నిబంధన ఉన్నదీ అంటే, దాని వెనక ఎక్కడో ఒక ప్రమాదం జరిగి ఉంటుంది. ఆ ప్రమాదం ఏమిటని మనం ప్రశ్నించడమంటే బాధితులను అవమానించడమే. ఈ విద్యాపీఠంలో ల్యాప్‌టాప్ కింద పడి ఒక్క ప్రాణం పోకూడదు. అదీ నా సంకల్పం."

పిల్లలు దణ్ణం పెట్టి వచ్చేశారు.

ఇక మిగిలింది నంబరు ప్లేటు. పరీక్షలు దగ్గరపడ్డాయి. ప్లేటు లేని ల్యాప్‌టాప్‌తో పరీక్షకి అనుమతి లేదని నోటీసు అంటించారు. ప్లేటు 'వెనుక భాగమున, తిరిగి తీయుటకు వీలు లేని విధముగా' బిగించాలి. కార్ల ప్లేట్ల కాంట్రాక్టరునే ఇక్కడికీ పిలిచారు. అతని మనిషి షామియానా కింద డ్రిల్లింగు మిషనుతో తయారుగా ఉన్నాడు. నూకరత్నం క్యూలో అందరికంటే మొదటే ఉంది. క్యూలో ముందుండడం ఆవిడకి అలవాటు.

మిషను ఆవిడ ల్యాప్‌టాప్ మూత మీదికి వంగేసరికి నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబూ, ఆగాగు. ఆ మూతకి అవతల తెరుంది కదయ్యా!"

"ప్లేటు బిగించమన్నారమ్మా నన్ను" అన్నాడతను. "అవతలేముందో నాకు చెప్పలేదు."

నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు పడ్డాయి. రివెట్లు దిగాయి. ప్లేటు మిలమిలా మెరుస్తూ మూత మీద కూర్చుంది. నూకరత్నం గబగబా మూత తెరిచి మీట నొక్కింది. తెర మీద ఒక ఆకుపచ్చ గీత నిలువుగా మెరిసి, మిణుకుమని, అంతా నల్లబడిపోయింది. మళ్ళీ నొక్కింది. నలుపే.

ఆవిడ అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. బకెట్టు మీద కాళ్ళు చాపుకున్న ఆ వారం రోజులూ ఆవిడ కళ్ళముందు తిరిగాయి. ఒక్క అడ్డదారి తొక్కలేదే, అన్నీ వాళ్ళు చెప్పినట్టే చేశానే అని వాపోయింది. ఏజెంటు గొడుగు కిందికి వెళ్ళినవాళ్ళ ల్యాప్‌టాప్‌లు, ఏజెంట్లు తెప్పిస్తామన్న ప్లేట్ల కోసం ఎదురుచూస్తూ ఇళ్ళల్లో హాయిగా వెలుగుతూ ఉన్నాయి.

దత్తుడుగారు వచ్చి ల్యాప్‌టాప్‌ని పరీక్షగా చూశారు. "అమ్మా, అద్దానికి నల్ల ఫిల్ము అతికించారా? నిషేధం."

"ఫిల్ము కాదండీ! లోపల చచ్చిపోయిందండీ!"

ఆయన గోటితో తెరని గీకి చూశారు. ఫిల్ము ఊడి రాలేదు. "ఫిల్ము లేదు. సరే." గాలి వచ్చే కంతల దగ్గర చెయ్యి పెట్టారు. "వేడి లేదు. పొగ లేదు." చెవి ఆనించారు. "మోత లేదు. ఇంత శుభ్రమైన బండి నేను ఈ ఏడు చూడలేదు." ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు మీద ముద్ర పడింది.

నూకరత్నం దాన్ని జానీ దగ్గరికి మోసుకెళ్ళింది. తెర మార్చవచ్చు గానీ ప్లేటు ఊడదీయాలన్నాడు జానీ. ప్లేటు ఊడదీస్తే కేసు. అక్కడితో ఆ దారీ మూసుకుపోయింది. అటకమీదున్న పాత దూరవిద్య పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, బస్సులో స్టాపుకీ స్టాపుకీ మధ్య చదవడం మొదలుపెట్టింది. నిలబడే చదివింది. ఏసుబాబు గుంతలు వచ్చినచోట బండి నెమ్మదిగా పోనిచ్చేవాడు.

పరీక్ష రోజు విద్యాపీఠం గేటు ముందు జనం రెండుగా చీలారు. ప్లేటు ఉన్నవాళ్ళు ఒకవైపు, లేనివాళ్ళు ఒకవైపు. ప్లేటున్న ఒక్క ల్యాప్‌టాప్‌కీ తెర బతికి లేదు. తెర బతికున్న ఒక్క ల్యాప్‌టాప్‌కీ ప్లేటు లేదు. గొడుగు కింద ఏజెంట్లు ఆ రోజు కనబడలేదు. దత్తుడుగారు పరుగున వెళ్ళి రిజిస్ట్రారుగారికి విషయం చెప్పారు. కోదండపాణిగారు కాసేపు కళ్ళు మూసుకుని తీర్పిచ్చారు.

"ప్లేటు లేనివారిని లోనికి అనుమతించుట చట్టవిరుద్ధము. ప్లేటు ఉన్నవారిని అనుమతించకపోవుట అన్యాయము. ఆన్‌లైన్ పరీక్ష యథాతథముగా జరుగును. సాంకేతిక సౌలభ్యం కొరకు ప్రశ్నపత్రములు జిరాక్సు తీసి పంచుడి. జవాబులు కలముతో రాయవచ్చును. ల్యాప్‌టాప్ మాత్రం అభ్యర్థి వద్ద ఉండి తీరవలెను."

వెలిగే ల్యాప్‌టాప్‌లున్న పిల్లలు గేటు బయట నిలబడి చూస్తుండగా, వెలగని ల్యాప్‌టాప్‌ల వాళ్ళు లోపలికి వెళ్ళారు. హాల్లో బెంచీలు లేవు. వేలంలో పోయాయి కదా. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కాగితం దేని మీద పెట్టి రాయాలో తెలియక అందరూ ఒక క్షణం దిక్కులు చూసి, ఒకరి తర్వాత ఒకరు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పరిచారు. రివెట్లు గుచ్చుకుని నాలుగు చోట్ల కాగితానికి చిల్లులు పడ్డాయి. చిల్లులు తప్పించుకుంటూ రాయాల్సి వచ్చింది.

మొదటి ప్రశ్న: 'పరిపాలనలో నిబంధనల ఆవశ్యకతను సోదాహరణముగా వివరింపుము.' నూకరత్నం ఆ ప్రశ్నని రెండుసార్లు చదివింది. తర్వాత ఉదాహరణలు రాయడం మొదలుపెట్టి, మూడుసార్లు అదనపు కాగితాలు అడిగింది.

ఫస్టు క్లాసు వచ్చింది. విద్యాపీఠం వార్షిక నివేదికలో, 'ఈ సంవత్సరము ల్యాప్‌టాప్ ప్రమాదములు శూన్యము' అని అచ్చేశారు. డిపో మేనేజరు మాట నిలబెట్టుకుని సీటు ఇవ్వబోతుండగా విద్యాపీఠం నుంచి ఉత్తరం వచ్చింది. దత్తుడుగారు ఒక్కరూ ల్యాప్‌టాప్‌ల రద్దీకి చాలడం లేదట. రవాణా రంగంలో అనుభవమూ, సకల పత్రాలూ సక్రమంగా ఉన్న సొంత ల్యాప్‌టాపూ కలిగిన పట్టభద్రురాలు ఈ జిల్లా మొత్తంలో నూకరత్నం ఒక్కతే కాబట్టి, ఆవిణ్ణి సహాయ ఇన్‌స్పెక్టరుగా డిప్యుటేషన్ మీద పంపమని కోరారు.

కుర్చీ దొరికింది. మామూలు కుర్చీ కూడా కాదు. వెనక తెల్ల తువ్వాలు వేసిన కుర్చీ. మొదటి రోజు నూకరత్నం దాని చేతుల్ని రెండుసార్లు నిమిరి చూసి కూర్చుంది. వీపు వెనక్కి వాల్చింది. కాళ్ళ నరాలు నెమ్మదిగా సర్దుకుంటుంటే ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దత్తుడుగారు నిబంధనల పుస్తకం తెచ్చి చేతికిచ్చారు. తీరిగ్గా, కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎక్కడా ల్యాప్‌టాప్ అంటే ఏమిటో రాసి లేదు. రెండోసారి కూడా చదివి చూసుకుంది.

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. పేరు హేమదుర్గ. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తూ కొత్తగా డిగ్రీలో చేరిందట. గింజలు ఒలిచిన వేళ్ళకి నల్లటి మచ్చలు. నిలబడే మాట్లాడింది.

"మేడమ్, ల్యాప్‌టాప్ కొనాలంటండి. తక్కువలో ఏది కొనమంటారో మీరే చెప్పండి. మళ్ళీ కొనే ఓపిక లేదండి మాకు."

"ముందు కూర్చో" అంది నూకరత్నం.

అమ్మాయి మొహమాటంగా కుర్చీ అంచున కూర్చుంది. షామియానా వైపు నుంచి డ్రిల్లింగు మిషను మోత వినిపించింది. నూకరత్నానికి ఆ మోత ఇప్పటికీ పళ్ళల్లో జివ్వుమంటుంది. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"బస్టాండు ఎదురుగా ఫ్యాన్సీ కొట్టుంది చూడు. అక్కడ పరీక్ష అట్టలమ్ముతారు, పైన స్టీలు క్లిప్పుంటది. మంచి దళసరిది ఒకటి తెచ్చుకో."

హేమదుర్గ నోరెళ్ళబెట్టింది. "అట్టాండీ? అది ల్యాప్‌టాప్ కాదు కదండీ!"

"కాదని ఈ పుస్తకంలో ఎక్కడుందో చూపించమ్మా." నూకరత్నం పుస్తకం అటు తిప్పి పెట్టింది. "ఇక్కడికి మాత్రం అదే తీసుకురా. పాఠాలకి వేరే కొనుక్కో. బస్టాండు వెనక జానీ కొట్టని ఉంటది. పాతదే తీసుకో. ఎనిమిది జీబీ ర్యామ్ ఉండాలి, ఎస్సెస్‌డీ ఉందా అని అడుగు. బ్యాటరీ రెండు గంటలన్నా ఆగాలి. మీటలన్నీ నొక్కి చూసుకో. ఆ బండి ఇంటి గుమ్మం దాటకూడదు. కూర్చుని, కాళ్ళు చాపుకుని విను."

"మరి లైసెన్సు లేందే పాఠం తెరుచుకోదంటున్నారు కదండీ?"

"లైసెన్సు అట్ట మీద తీసుకుందువు గాని. ఇంట్లో ఆ లైసెన్సు నంబరు కొడితే పాఠం తెరుచుకుంటది. నేనున్నాను కదా."

మర్నాడు హేమదుర్గ అట్టతో వచ్చింది. నూకరత్నం దాన్ని పద్ధతి ప్రకారం పరీక్షించింది. వేడి లేదు. పొగ లేదు. మోత లేదు. నల్ల ఫిల్ము లేదు. క్లిప్పుకి కాగితం పెట్టి, పెన్సిలు చేతికిచ్చి, ఎనిమిది వేయమంది. అమ్మాయికి ఎవరో ముందే చెప్పినట్టున్నారు. రెండు కాళ్ళూ ఎత్తి, పళ్ళు బిగించి గీయబోయింది.

"కాళ్ళు కింద పెట్టుకోమ్మా" అంది నూకరత్నం. "నేను చూడ్డం లేదు."

తర్వాత షామియానాలో అట్ట వెనకభాగాన నాలుగు బెజ్జాలు పడ్డాయి. ప్లేటు బిగిసింది. అట్టకి ఏమీ కాలేదు. అటుగా వస్తున్న కోదండపాణిగారు ఆగి, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. నూకరత్నం లేచి నిలబడింది.

"ఎన్నాళ్ళకి చూశానమ్మా!" అన్నారాయన తృప్తిగా. "నిబంధనలకు సంపూర్ణముగా లోబడిన ల్యాప్‌టాప్. వచ్చే సంవత్సరం అందరికీ దీన్నే మోడల్‌గా పెట్టండి."

ఆయన వెళ్ళిపోయారు. నూకరత్నం మళ్ళీ తన కుర్చీలో కూర్చుని, సర్టిఫికెట్టు మీద ముద్ర గట్టిగా గుద్ది అమ్మాయి చేతికిచ్చింది. బయట వరసలో నిలబడినవాళ్ళ చేతుల్లోని ల్యాప్‌టాప్‌లని ఒకసారి చూసి, హేమదుర్గ చేతిలోని అట్టని వాళ్ళకి కనబడేలా పైకెత్తమంది. ఆనక అలవాటు కొద్దీ బల్ల మీద రెండుసార్లు కొట్టి కేకేసింది.

"రైట్... రైట్!"